మినిట్స్‌లో లేనివి

నవంబరు. నాలుగింటికే చీకటి.
మెల్నూపె పురపాలక భవనం, రెండో అంతస్తు.
పదకొండుమంది సభ్యులు, ఒక హీటరు,
హీటరు ముందు ఎవరిదో కుక్క.
మూడో అంశం: పండగ పెద్దది చేయుట,
తద్వారా సందర్శకులను రప్పించుట.
రాసేదాన్ని నేను.
పంతొమ్మిదేళ్లుగా ఈ ఊరి మాటలకి
తేదీ వేసి, మడిచి, అల్మారాలో పెట్టేదాన్ని.

రీగా నుంచి వచ్చిన కుర్రాడు తెర మీద బాణాలు చూపించాడు.
అన్ని బాణాలూ పైకే.
లాంప్రే చేపల పండగ ఒక్కరోజు సరిపోదట,
మూడు రోజులు కావాలట,
నీళ్ల మీద తేలే వేదిక, లేజరు దీపాలు,
చేప వేషంలో తిరిగే మనిషి ఒకడు.
ముప్పైవేల మంది వస్తారట.
మేం నాలుగువేల ఎనిమిదొందలం.
వంతెన దగ్గర మరుగుదొడ్డి ఒకటే,
దాని తాళంచెవి ఆస్మా దగ్గరుంటుంది,
ఆస్మా ఎనిమిదింటికల్లా పడుకుంటుంది.
(ఇది రాశాను. కొట్టేయమన్నారు.)
మూణ్ణాళ్ళ ముచ్చట, అని వెనక ఎవరో గొణిగారు.

జిగుర్డ్స్ లేచాడు. పన్నెండు గదుల హోటలు అతనిది.
"ఏడాదికి ఒక్క రాత్రి నిండుతుంది.
మిగతా రాత్రులు దుప్పట్లకి నేను కాపలా."
ఎవరూ నవ్వలేదు.
నిరుటి పండగ డబ్బుతోనే కదా
బడి పైకప్పు కారడం మానింది.
పండగ మీద నాకేం పగ లేదు.

స్కైద్రీతె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.
నలభై ఏళ్లు ఆల్డరు కట్టెల మీద చేపలు కాల్చిన చేతులు,
ఏ సబ్బుకీ లొంగని పొగ వాసన.
"ముప్పైవేల మందికి ఎన్ని చేపలు?" అంది.
కుర్రాడు బాణాల్లో వెతికాడు.
"మా దడికి కట్టిన మావుల్లో
రాత్రికి రెండు బుట్టలు పడితే గొప్ప.
మిగతావి ఎక్కడివి? ఎవరి ఫ్రీజరులోంచి?
పేరు మా నదిదీ, చేప ఇంకో నీళ్ళదీనా?"
హీటరు టిక్కుమంది. కుక్క పక్కకి ఒత్తిగిలింది.

ఇక ఇది రాయలేదు:

నేను ఈ ఊరొచ్చింది పండగ మర్నాడు.
తేదీ తప్పు చూసుకున్నాను.
బస్సు దిగితే వీధంతా అట్టపళ్ళేలు,
తడిసి గోడలకంటుకున్న కాగితపు జెండాలు,
మెడలో దండ వాడిపోయిన ఒక ట్రాంబోన్ వాయిద్యగాడు
తన రెండో బూటు కోసం వెతుక్కుంటున్నాడు.
ఒకావిడ నా పేరు కూడా అడక్కుండా
చీపురు చేతికిచ్చింది.
కర్రకి పొగ వాసన.
ముందురోజు వచ్చివుంటే నన్నెవరు చూసేవారు?
మధ్యాహ్నం మిగిలిన చేపలు రై రొట్టె మీద పెట్టుకుని
రేవు మెట్ల మీద తిన్నాం.
సాయంత్రం బస్సుంది. ఎక్కలేదు.
మర్నాడూ ఉంది.
ఆ ఏటి సందర్శకుల లెక్కలో నేను లేను.

కిటికీ కింద నల్లనీళ్ళలో
ఇప్పుడూ అవి ఎదురీదుతూ ఉంటాయి,
దవడల్లేని నోళ్ళతో రాయిని పట్టుకుని,
ఆగి, వదిలి, ఇంకో రాయి.
వాటికెవరూ కరపత్రం పంపలేదు.
అలాగని చేపల్ని చూసి హోటలు నడపలేం,
అది నాకూ తెలుసు, జిగుర్డ్స్.

ఓట్లు: ఐదు, ఐదు.
మేయరు విల్నిస్‌కి ఇంకా అర్థం కాలేదట.
మార్చికి వాయిదా.

ఈలోగా రీగా బస్సు వెళ్ళిపోయింది.
కుర్రాడు బాణాలన్నీ సంచిలో సర్దుకుని
మెట్ల కింద నిలబడ్డాడు.
హోటల్లో ఒక కిటికీ వెలిగింది.

"చేపలు చూస్తావా? ఐదింటికి రా," అంది స్కైద్రీతె,
"బూట్లు వేసుకుని."
అతనికి బూట్లు లేవు.
జిగుర్డ్స్ తనవి ఇచ్చాడు,
రెండు సైజులు పెద్దవి.